నిండని ట్యాంకు మంచి ట్యాంకు కాదు

(నర్సింగ్ సూపరింటెండెంట్ వ్రాయునది)



ఈసారి రాస్తున్న సంగతి అన్నం ముందు కూర్చుని చదివేది కాదు. ఇంటి సెప్టిక్ ట్యాంకు గురించి. బీపీ గురించో షుగరు గురించో రాస్తే కాగితం కత్తిరించి దాచుకుంటారు గానీ మరుగుదొడ్డి గురించి రాస్తే పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. ఈ ఒక్కసారి తిప్పకండి. వానలు పడ్డాక మన వార్డుకు వచ్చే వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు చాలావరకు మనిషి మలంలో నుంచి నీళ్లలోకి, నీళ్లలో నుంచి నోట్లోకి వచ్చినవే. మేము సెలైన్ ఎక్కించి, మందులిచ్చి, జాగ్రత్తలు చెప్పి పంపుతాం. ఆ ఇంటి పెరట్లో పరిస్థితి మారకపోతే కొన్నాళ్లకు అదే ఇంటి నుంచి ఇంకో పిల్లవాడు వస్తాడు.

కేసు షీటు రాసేటప్పుడు నేను తాగే నీళ్లు ఎక్కడివని, మరుగుదొడ్డి ఎలాంటిదని అడుగుతాను. అప్పుడు చాలామంది ఒకే మాట కాస్త గొప్పగా చెబుతారు. "మా ట్యాంకు కట్టి ఇరవై ఏళ్లయింది సిస్టర్. ఇంతవరకు నిండలేదు. ఒక్కసారి కూడా తీయించలేదు." కట్టిన మేస్త్రీని కూడా మెచ్చుకుంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకు నిండకుండా ఉండటమన్నది లేదు. వాడటం మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే అది నీళ్లతో నిండుతుంది. ఆ తరువాత లోపలికి ఎన్ని నీళ్లు పోతే అన్ని నీళ్లు రెండో వైపు నుంచి బయటికి వస్తాయి. ఇరవై ఏళ్లయినా నిండలేదంటే అడుగున సిమెంటు లేక అంతా భూమిలోకి దిగిపోతున్నట్టు, లేదా అవుట్‌లెట్ పైపులో నుంచి మలమే నేరుగా మోరీలోకి పోతున్నట్టు. రెండింటిలో ఏది జరిగినా, మన ఇంట్లోది మన కంటికి కనిపించకుండా పోయి ఎదుటివాళ్ల బోరింగులో తేలుతున్నట్టే.

ఇక అసలు ఈ ట్యాంకు ఏం పని చేస్తుందో చూద్దాం. పుండు చీము పట్టినప్పుడు "సెప్టిక్ అయింది" అంటాం కదా, ఇదీ ఆ మాటే. కుళ్లబెట్టేది అని అర్థం. 1895లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ అనే ఇంజనీరు ఇలాంటి ట్యాంకు కట్టి ఈ పేరు పెట్టాడు. సూత్రం మన వంటింట్లోదే. వరద రోజుల్లో గోదావరి నీళ్లు బిందెలో పట్టి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి మట్టి అడుగుకు చేరుతుంది, పైన తేట నిలుస్తుంది. పులుసులో నూనె పైకి తేలుతుంది. ట్యాంకులోనూ అంతే. బరువైనది అడుగున బురదలా కూర్చుంటుంది. జిడ్డు, తేలికపాటి చెత్త పైన మీగడలా తెట్టు కడుతుంది. మధ్యలో కాస్త తేటగా ఉన్న నీరు అవుట్‌లెట్ గుండా బయటికి పోతుంది. ఇది జరగాలంటే నీరు ట్యాంకులో కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు కదలకుండా నిలవాలి.

అడుగున చేరిన బురదను గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు తింటాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో పేడను కుళ్లబెట్టేవీ ఇలాంటివే. అవి తిన్నాక కొంత గ్యాసు అవుతుంది, కొంత నీరవుతుంది, కొంత నల్ల బురదగా మిగిలిపోతుంది. ఆ మిగిలింది మాత్రం ఎన్నేళ్లయినా తనంతట తాను పోదు. మనిషికి ఏడాదికి సుమారు ముప్పై నలభై లీటర్ల బురద చేరుతుందని లెక్క వేస్తారు. భారతీయ ప్రమాణాల సంస్థ అయిదుగురున్న ఇంటికి చెప్పే చిన్న ట్యాంకు కొలత ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీళ్లు. అంటే సుమారు 1,100 లీటర్లు. అయిదుగురికి ఏడాదికి నూట యాభై నుంచి రెండు వందల లీటర్ల బురద చేరితే రెండు మూడేళ్లలో ట్యాంకులో మూడో వంతు అదే ఉంటుంది. ఇంకా వదిలేస్తే నీళ్లు నిలవడానికి చోటు తగ్గిపోయి, పొద్దున పోసింది సాయంత్రానికే బురదతో సహా బయటపడుతుంది. ఫ్లష్ బాగానే పోతుంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదు. ట్యాంకు పని మానేసి ఉత్త పైపులాగ మారిపోయిందని ఎవరూ గుర్తించరు. అందుకే రెండు మూడేళ్లకోసారి తీయించాలంటారు. పెద్ద ట్యాంకైతే ఇంకో ఏడాది ఆగవచ్చు గానీ ఇరవై ఏళ్లు కాదు.

ఒక నర్సుగా నేను ఎక్కువ నొక్కి చెప్పాల్సింది బయటికి వచ్చే ఆ తేట నీటి గురించి. తేటగా ఉంటే శుభ్రమని మనకో నమ్మకం. ట్యాంకు బురదను ఆపుతుందే గానీ రోగాన్ని ఆపదు. టైఫాయిడ్ క్రిములు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు, నులిపురుగుల గుడ్లు ఆ నీళ్లతో కలిసి బయటికి వస్తాయి. వాటిని వడకట్టేది భూమి. ట్యాంకు సగం యంత్రమే, దాని పక్కన ఉండాల్సిన ఇంకుడు గుంత మిగతా సగం. ఇటుక ముక్కలు, కంకర నింపిన గుంతలోకి ఆ నీరు దిగి, మట్టి పొరల్లో నెమ్మదిగా నడుస్తూ పోతే క్రిములు అక్కడ చిక్కుకొని చచ్చిపోతాయి. ఇంకుడు గుంతకు చోటు లేదనో, ఖర్చు దండగనో ట్యాంకు పైపును మోరీలో కలిపినవాళ్లు సగం యంత్రాన్నే కొన్నట్టు. ఆ మోరీ పక్కన పిల్లలు గోలీలాడతారు, కోళ్లు తిరుగుతాయి, అదే మోరీలో మునిగి మంచినీళ్ల పైపు పోతుంది. కరెంటు పోయి మోటారు ఆగితే ఖాళీ అయిన ఆ పైపు పగులులో నుంచి మురికిని లోపలికి పీల్చుకుంటుంది.

తాగునీటి బావికి గానీ బోరుకు గానీ ఇంకుడు గుంత కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని ప్రమాణం. మన లెక్కలో అరవై అడుగులు. నూరు గజాల స్థలంలో ఇల్లు, బాత్రూం, బోరు, ట్యాంకు అన్నీ ఇరికించాక అరవై అడుగులు ఎక్కడివి అంటారు. నిజమే. మన ఇంటి లోపల దూరం పాటించినా గోడ అవతల పొరుగువారి బోరు మన గుంతకు ఆనుకునే ఉండవచ్చు. స్థలం లేనివాడిని నేను తప్పుపట్టను. అయితే దూరం లేనప్పుడు ఆ బోరు నీళ్లు బట్టలకు, బాసన్లకు వాడుకోండి, తాగడానికి వద్దు. తాగాలంటే తెర్లనిచ్చి, చల్లార్చి తాగండి. కొత్తగా కట్టేవాళ్లు మాత్రం ముగ్గు పోసే ముందే పొరుగింటికి వెళ్లి మీ బోరు ఎక్కడ ఉందని అడగాలి. వాస్తు చూపించుకోవడానికి ఎంత దూరమైనా పోతాం, ఈ ప్రశ్నకు గోడ దాటితే చాలు.

గుంత లోతు సంగతి కూడా చెప్పాలి. లోతుగా తవ్వితే మంచిదని మనవాళ్ల నమ్మకం. గోదావరి ఒడ్డున, వాగుల పక్కన ఉన్న మన ఊళ్లలో వానాకాలం బావి నీళ్లు ఎంత పైకి వస్తాయో మీకే తెలుసు. గుంత అడుగు ఆ నీళ్లను తాకితే ఇక వడకట్టేది ఏమీ లేదు, మురుగును నేరుగా బావిలో పోసినట్టే. వానాకాలపు నీటి మట్టానికి, గుంత అడుగుకు మధ్య రెండు మీటర్ల నేల ఉండేలా చూడమని మేస్త్రీకి చెప్పండి. లోతు తగ్గించి వెడల్పు పెంచుకోవచ్చు.

నన్నడిగితే మన చుట్టుపక్కల గూడేల్లో, ఊళ్లలో నలుగురైదుగురున్న ఇంటికి పెద్ద సెప్టిక్ ట్యాంకు అవసరమే లేదు. రెండు గుంతల మరుగుదొడ్డి దానికంటే చవక, దానికంటే క్షేమం. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు 12,000 రూపాయల సాయంతో కట్టమన్నదీ ముఖ్యంగా దీన్నే. ఒక గుంత నిండేదాకా దాన్నే వాడి, తరువాత చాంబరులో అడ్డు మార్చి రెండోదానికి వదలాలి. నిండినదాన్ని మూసి ఏడాదిన్నర, రెండేళ్లు ముట్టకుండా ఉంచితే లోపలిది వాసన లేని పొడి ఎరువుగా మారుతుంది. ఈ మాట నమ్మనివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మన వరంగల్ దగ్గర గీసుగొండ మండలం గంగదేవిపల్లికి వచ్చారు. వేరే రాష్ట్రాల అధికారులందరూ చూస్తుండగా మూసి ఉంచిన గుంతలోకి స్వయంగా దిగి ఆ ఎరువును చేతులతో ఎత్తి పోశారు. ఢిల్లీలో అంత పెద్ద కుర్చీలో కూర్చున్న అధికారి ఆ పని చేశారు. ఆయన ధైర్యంగా దిగగలిగింది ఎందుకంటే అది మాగి ఎండిన గుంత. నీళ్లతో ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి ఆయనే కాదు, ఎవరూ దిగకూడదు. ఈ తేడా ముందుకు మళ్లీ చెబుతాను.

అయితే మనవాళ్లు ఆ రెండు గుంతల పథకాన్నీ పాడుచేశారు. రెండు గుంతలను ఒకదానికొకటి పైపుతో కలిపేశారు, ఒకటి నిండితే రెండోదానిలోకి పొర్లేటట్టు. అప్పుడు ఏ గుంతకూ విశ్రాంతి ఉండదు, ఎరువూ తయారు కాదు, రెండూ పచ్చి మలమే. మీ ఇంట్లో అలా ఉంటే మధ్య పైపు తీసివేసి చాంబరు కట్టించుకోండి. ఒక పూట మేస్త్రీ పని.

ట్యాంకు ఉన్న ఇళ్ల సంగతికి వస్తే, కట్టేటప్పుడు మేస్త్రీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అడుగు, గోడలు లోపలి వైపు సిమెంటు పూత పూసి నీళ్లు కారకుండా ఉండాలి. మధ్యలో అడ్డగోడ పెట్టి రెండు గదులు చేస్తే బురద మొదటి గదిలోనే ఆగుతుంది. లోపలికి, బయటికి పోయే పైపులకు 'టీ' ముక్క తగిలించి కొన నీళ్లలో మునిగేలా పెట్టాలి. అది లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా అవుట్‌లెట్‌లోకి పోయి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. ఈ ముక్క ఖరీదు చాలా తక్కువ, మరిచిపోయేదీ దీన్నే. గాలి గొట్టం ఇంటి కప్పు దాటి పైకి పోవాలి, దాని మూతికి జాలీ కట్టాలి. జాలీ లేని గొట్టాల్లో నుంచి, పగిలిన మూతల్లో నుంచి దోమలు దిగి గుడ్లు పెడతాయి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకు ఇలాంటి మురుగు నీరే ఇష్టం. మన ఏజెన్సీలో మలేరియా తెచ్చేది వేరే దోమ, అది సాధారణంగా తేట నీళ్లలో పెరుగుతుంది. కాబట్టి జాలీ కట్టాము కదా అని దోమతెర మానకండి.

స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు, వాన నీళ్లు చిన్న ట్యాంకులోకి వదలకండి. ఒక్కసారిగా బకెట్ల కొద్దీ నీళ్లు వచ్చి పడితే అడుగున కూర్చున్న బురద లేచి బయటికి కొట్టుకుపోతుంది. ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్ సీసాల కొద్దీ పోసేవాళ్లు ఉన్నారు, పండుగ ముందర మరీ ఎక్కువ. దొడ్డి తెల్లగా మెరుస్తుంది గానీ కింద మనకోసం పనిచేస్తున్న సూక్ష్మజీవులు చస్తాయి. మామూలు సబ్బు పొడి, బ్రష్షు చాలు. బట్ట పేలికలు, నెలసరి ప్యాడ్లు, పిల్లల డైపర్లు, నిరోధ్‌లు, తల వెంట్రుకలు దానిలో వేయకండి. అవి కుళ్లవు. తల్లులకు, ఆడపిల్లలకు నా మనవి ఏమిటంటే, సిగ్గుపడి ప్యాడ్ దాచడానికి దొడ్లో వేస్తే అది పైపులో అడ్డం పడి చివరికి పదిమంది ముందు బయటికి వస్తుంది. కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. ఇంట్లో మగవాళ్లు దీనికోసం మూత ఉన్న చిన్న డబ్బా కొనిపెట్టాలి, అడిగించుకోకుండా.

బజారులో సెప్టిక్ ట్యాంకు పౌడర్లు అమ్ముతారు, నెలకోసారి వేస్తే జన్మలో తీయించనక్కర్లేదని చెబుతారు. డబ్బు దండగ. మన కడుపు నుంచి పోయే క్రిములే ఆ పనికి సరిపోతాయి. కొత్త ట్యాంకు మొదలుపెట్టేటప్పుడు నీళ్లతో నింపి కాస్త పేడ నీళ్లు కలిపితే మంచిదే, తరువాత ఏదీ అక్కర్లేదు.

నిండిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఏడాదికోసారి, ఎండాకాలంలో, అవుట్‌లెట్ వైపు మూత తెరిచి కాసేపు గాలి ఆడనివ్వండి. పిల్లల్ని దూరం పంపండి. బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరికి తేవద్దు, లోపల మండే గ్యాసు ఉంటుంది. పొడవాటి కర్రకు తెల్ల బట్ట చుట్టి, ముఖం వంచకుండా నిలబడే అడుగు దాకా దించి, కొద్దిసేపు ఉంచి తీయండి. బట్ట మీద నల్లగా అంటినంత మేర బురద ఉన్నట్టు. అది నీటి లోతులో సగానికి దగ్గరగా ఉంటే ట్యాంకరు పిలవాల్సిన వేళయింది. ఆ కర్రను, బట్టను అక్కడే పాతిపెట్టి చేతులు సబ్బుతో కడుక్కోండి. దొడ్డిలో నీళ్లు నెమ్మదిగా దిగుతున్నా, గుడగుడ శబ్దం వస్తున్నా, ఇంకుడు గుంత మీద నేల ఎప్పుడూ తడిగా ఉండి గడ్డి మరీ పచ్చగా పెరుగుతున్నా కర్రతో కూడా పని లేదు. తీయించేటప్పుడు అడుగున కొద్దిగా బురద వదిలేయమనండి, పెరుగుకు తోడు ఉంచినట్టు. లోపల కడగడం, ఫినాయిలు పోయడం వద్దు.

ఇప్పుడు ముందు చెప్పిన మాటకు వస్తాను. ట్యాంకులోకి మనిషిని దించవద్దు. కూలి ఎక్కువిస్తామన్నా, అతనే దిగుతానన్నా, రెండు నిమిషాల పనే అన్నా వద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టడమే మానేస్తుంది. వాసన పోయిందని లోపలికి దిగినవాడు రెండు మూడు శ్వాసల్లో కుప్పకూలతాడు. అతన్ని లాగడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముడి కోసం బావమరిది దిగుతాడు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు మండలంలో ఒక కోళ్ల హేచరీ మురుగు ట్యాంకులో ఇలాగే ఏడుగురు చనిపోయారు. ఎవరైనా పడిపోతే వెంట దిగకండి. మూతలన్నీ తెరవండి, 108కి, 101కి ఫోను చేయండి, పైనుంచి తాడు వేసి లాగగలిగితే లాగండి. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, దిగినవాడు రెండో శవం అవుతాడు.

2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దింపించిన ఇంటివాడు కూడా దీని నుంచి తప్పించుకోలేడు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ విషయంలో దేశాన్ని కదిలించిన బెజవాడ విల్సన్ గారు మన భాష మనిషే. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊరిలో, పాకీ పని చేసి బతికిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మన సంఘాల్లో కూడా తాతల కాలంలో ఈ పనికి నెట్టబడిన కుటుంబాలున్నాయి. ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని, సోమవారం ఆ కుటుంబం పిల్లవాడినే పిలిచి మూత తెరవమనడం నాకు మింగుడుపడదు. మూత తెరిచే పని కూడా మిషనుతో వచ్చినవాళ్లు చేతి తొడుగులు, బూట్లు వేసుకొని చేయాల్సిందే.

వరదల సంగతి మన ఊరికి ప్రత్యేకం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి డెబ్బై ఒక్క అడుగులు దాటింది. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు ట్యాంకులు, గుంతలు, బావులు అన్నీ ఒకటైపోతాయి. బురదతో కిక్కిరిసిన ట్యాంకు మునిగితే ఏళ్ల తరబడి చేరినదంతా వీధిలో తేలుతుంది. అందుకే తీయించే పని మే నెలలోగా ముగించాలి. వరద తీసిన వెంటనే ట్యాంకు ఖాళీ చేయించకండి. చుట్టూ నేల నీళ్లతో నిండి ఉన్నప్పుడు ఖాళీ ట్యాంకు గోడలు లోపలికి కూలవచ్చు, ప్లాస్టిక్ ట్యాంకైతే పైకి తేలుతుంది. నేల ఆరేదాకా ఆగండి, అప్పటివరకు దొడ్డిలో నీళ్లు పొదుపుగా వాడండి. మునిగిన బావి నీళ్లు తోడి పారబోసి, బ్లీచింగ్ పౌడరు కలిపించుకోండి. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడరు చాలు, కలిపాక గంట ఆగాలి. వరద తరువాత అది సరిపోదు, ఆరోగ్య కార్యకర్తను పిలిపించి ఎంత వేయాలో పరీక్ష చేయించండి. తాగే నీళ్లు మాత్రం ఎలాగూ తెర్లబెట్టాల్సిందే.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం చూడండి. అరణ్యంలో ఉన్న ఇశ్రాయేలీయులకు, పాళెము వెలుపలికి పోవాలని, గుంట తవ్వుకోవాలని, మట్టితో కప్పాలని దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. అది చిన్న సంగతి అయితే లేఖనంలో ఎందుకుంటుంది? అయినా నేను ఇన్నేళ్లుగా విన్న ప్రసంగాల్లో ఆ వచనాల మీద ఒక్కటీ లేదు. అయ్యగార్లు నొచ్చుకోకూడదు.

నా అభిప్రాయం ఇది. ట్యాంకు తీయించడం ఒక్కో ఇంటి గొడవగా ఉన్నంతకాలం జరగదు. ట్యాంకరు దూరం నుంచి రావాలి, ఒక్క ఇంటికి కిరాయి ఎక్కువ, అందుకని వాయిదా వేస్తాం. స్త్రీల సమాజం వారు సంఘంలో ట్యాంకు ఉన్న ఇళ్ల జాబితా రాసి, ఎప్పుడు తీయించారో పక్కన రాసుకుంటే, ఒకే బజారు ఇళ్లకు ఒకే వారంలో బండిని పిలిపించవచ్చు. దారి ఖర్చు పంచుకోవచ్చు. ఏ మతం వారైనా ఆ బజారులో అందరినీ కలుపుకోండి, భూమి లోపల నీళ్లకు గోడలు లేవు. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేయించడానికి చీటీ వేసుకుంటాం, దీనికీ వేసుకోవచ్చు.

బండి వచ్చినప్పుడు డ్రైవరును ఒక్క మాట అడగండి. ఎక్కడ పోస్తావు బాబూ అని. చీకటి పడ్డాక వాగులో పోస్తే ఆ నీళ్లు కింది ఊరివాళ్లు తాగుతారు. మిర్చి చేన్లో, కూరగాయల మడిలో పచ్చిగా పోస్తే నులిపురుగుల గుడ్లు నెలల తరబడి ఆ మట్టిలో బతికే ఉంటాయి, చెప్పుల్లేకుండా కలుపు తీసే ఆడవాళ్లకు కొంకి పురుగులు పట్టి రక్తం తగ్గుతుంది. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే దీనికి నిబంధనలు పెట్టింది, తరువాత అమ్మవారిపేట దగ్గర ఆ బురదను శుద్ధి చేసే కేంద్రం వచ్చింది. మనకు అది నూరు కిలోమీటర్ల పైన దూరం. మన దగ్గర అలాంటిది వచ్చేవరకు, ఊరికి, బావులకు, వాగుకు దూరంగా ఎత్తు మీద ఒక స్థలం చూపించి, కందకాల్లో పోయించి మట్టి కప్పించమని పంచాయతీని, ఐ.టి.డి.ఏ. వారిని రాతపూర్వకంగా అడగాలి. అర్జీ రాసి నేను సంతకం పెట్టి ఓ.పి. చీటీలిచ్చే బల్ల దగ్గర ఉంచుతాను. వచ్చినవాళ్లు చదివి సంతకం చేయండి, రాయడం రానివారు వేలిముద్ర వేయండి.